కాలిన పవర్ బ్యాంకు, ‘మేం మధ్యవర్తులం’ అంటున్న యాప్

ప్రశ్న: ఐదు నెలల క్రితం ఒక పెద్ద షాపింగ్ యాప్‌లో 30,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు కొన్నాను. పోయిన వారం రాత్రి దాన్ని ఛార్జింగ్‌లో పెట్టి, దిండు పక్కనే ఉంచి పడుకున్నాను. తెల్లవారుజామున బుస్సుమన్న చప్పుడుకు లేచేసరికి దిండు అంటుకుని ఉంది. ఆర్పబోతే కుడి చేయి కాలింది. పరుపు, కిటికీ తెర కాలిపోయాయి. యాప్‌లో ఫిర్యాదు చేస్తే ‘మేం కొనేవారికీ అమ్మేవారికీ మధ్య వేదిక మాత్రమే, అమ్మకందారుతో మాట్లాడుకోండి’ అన్నారు. ఆ అమ్మకందారు పేరు చూస్తే అక్షరాలు కలిపి చల్లినట్టు ఉంది. ఫోన్ నంబరు లేదు, మెయిల్ పెడితే జవాబు లేదు. కానీ వస్తువు వచ్చింది మాత్రం యాప్ పేరున్న పెట్టెలోనే, వాళ్ల గోదాము నుంచే. నిన్న యాప్ వాళ్లే ‘మంచితనంగా పూర్తి డబ్బు వాపసు ఇస్తాం, వస్తువు రిటర్న్ చేయండి, మా మనిషి వచ్చి తీసుకెళ్తాడు’ అని మెసేజ్ పెట్టారు. ఇచ్చేయమంటారా? అసలు బాధ్యత ఎవరిది? మా చెల్లెలు కూడా అదే పవర్ బ్యాంకు నాతోపాటే కొనుక్కుంది. దాన్నేం చేయాలి? యాప్‌లో ఆ వస్తువు పేజీ (లిస్టింగ్) స్క్రీన్‌షాట్ జత చేస్తున్నాను.
– ఒక పాఠకురాలు

సమాధానం: ఇవ్వొద్దు. ఆ మనిషి వచ్చి తలుపు కొట్టినా ఇవ్వొద్దు. యాప్‌లో రిటర్న్ రిక్వెస్టు తెరిచి ఉంటే ఇవాళే రద్దు చేయండి. మీ చేతిలో ఉన్న గట్టి సాక్ష్యం ఆ కాలిన ముద్ద ఒక్కటే. అది గడప దాటిందంటే ఇక మిగిలేది మీ మాట మీద వాళ్ల మాట. ఇందులో కుట్ర ఉందని కాదు. వాపసు వచ్చిన కాలిన వస్తువు మామూలుగా చెత్తలోకి పోతుంది, అంతే. కుట్ర లేకుండానే కేసు మాయమవుతుంది.

పైగా దెబ్బతిన్న లిథియం బ్యాటరీని మామూలు కొరియర్ సంచిలో వేసి పంపకూడదు. అలాంటిది విమానం ఎక్కడాన్ని అంతర్జాతీయ నిబంధనలు పూర్తిగా నిషేధించాయి. రోడ్డు మీద పోవాలన్నా దానికి ప్రత్యేకమైన ప్యాకింగ్ కావాలి. నిప్పంటుకున్న బ్యాటరీ అని మీరు రాసి చెప్పాక కూడా ‘మా మనిషి వచ్చి తీసుకెళ్తాడు’ అన్నారంటే, ఆ ఫిర్యాదు చదివినవాళ్లకు ప్రమాదకర వస్తువుల గురించి ఏమీ తెలియదన్నమాట. ఆ మెసేజ్‌ను జాగ్రత్తగా దాచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇక ఆ ముద్దను ఎక్కడ పెట్టాలన్నది. ఇంట్లో మాత్రం వద్దు. అంత పెద్ద పవర్ బ్యాంకులో ఒకటికి మించిన సెల్స్ ఉంటాయి. ఒకటి కాలిపోయినా పక్కది ఛార్జితో మిగిలి ఉండొచ్చు. గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత మళ్లీ రాజుకున్న సందర్భాలున్నాయి. ముందు ఉన్నచోటే అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి. తర్వాత రబ్బరు తొడుగులు, మాస్కు వేసుకోండి, ఎందుకంటే ఆ మసిలో ఫ్లోరిన్ రసాయనాలు ఉంటాయి. పొడి ఇసుక పోసిన ఇనప డబ్బాలో దాన్ని పెట్టి, మూత బిగించకుండా వదులుగా ఉంచండి. గాలి చొరకుండా బిగిస్తే లోపల పుట్టే వాయువు డబ్బానే బాంబు చేస్తుంది. డబ్బాను ఆరుబయట వాన, ఎండ తగలనిచోట, గోడలకూ వాహనాలకూ మూడు మీటర్లయినా ఎడంగా ఉంచండి. విప్పి చూడాలన్న కుతూహలం వద్దు. కోర్టు దృష్టిలో మీరు విప్పిన వస్తువు మీరు పాడుచేసిన వస్తువే.

ఆ రాత్రి వాడిన కేబుల్‌నూ అడాప్టర్‌నూ వాడటం ఆపేసి విడిగా ఒక కవర్లో పెట్టండి. అడాప్టర్ మీద చిన్న అక్షరాల్లో ఉండే అవుట్‌పుట్ వోల్టులు, ఆంపియర్లు చదవగలిగేలా ఫొటో తీయండి. ‘ఆమె తప్పుడు ఛార్జర్ వాడింది’ అన్నది ఇలాంటి కేసుల్లో అవతలివాళ్లు మొదట వేసే పాచిక. మంచి పవర్ బ్యాంకు ఏ సాధారణ యూఎస్‌బీ అడాప్టర్‌నైనా తట్టుకునేలా ఉండాలి. అయినా ఫొటో ఉంటే ఆ వాదన అక్కడితో ఆగిపోతుంది.

చేతికి కట్టు కట్టించుకున్నారో లేదో రాయలేదు. గాయం మానుతున్నట్టు కనిపించినా డాక్టరుకు చూపించండి. చీటీలో ‘కాలిన గాయం’ అని రాసి ఊరుకోకుండా, బ్యాటరీ అంటుకోవడం వల్ల కాలిందనీ ఏ తేదీన జరిగిందనీ రాయించుకోండి. ఆర్నెల్ల తర్వాత అడిగితే ఏ డాక్టరూ రాసివ్వడు. పరుపు, తెర పారేయకముందే ఫొటోలు తీసి, కాలినచోట ఒక ముక్క కత్తిరించి ఉంచండి.

తర్వాతి పని కంప్యూటర్ ముందు. లిస్టింగులు ఏ క్షణంలోనైనా మాయమవుతాయి. అదే వస్తువు రేపు వేరే పేరుతో, వేరే ఫొటోతో మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ఒక్క స్క్రీన్‌షాట్ చాలదు. కంప్యూటర్ బ్రౌజర్‌లో ఆ పేజీ తెరిచి, పైన లింకు, తేదీ కనిపించేలా పై నుంచి కింది దాకా పీడీఎఫ్‌గా దాచండి. ‘అమ్మేవారు ఫలానా’, ‘డెలివరీ చేసేది ఫలానా’ అనే రెండు చిన్న లైన్లు ఉంటాయి. కొనేటప్పుడు ఎవరూ చూడరు గానీ ఇప్పుడు మీకు అంతకన్నా విలువైనవి లేవు. బిల్లు, ఆర్డర్ నంబరు, పెట్టె మీది చిరునామా స్టిక్కరు, మీ ఖాతాలోంచి డబ్బు ఎవరి పేరున వెళ్లిందో చూపే బ్యాంకు స్టేట్‌మెంట్, అన్నీ ఒకచోట చేర్చండి.

ఆ పేజీ కిందున్న రివ్యూలను కొత్తవి ముందొచ్చేలా కాకుండా ఒక్క స్టార్ ఇచ్చినవి ముందొచ్చేలా పెట్టి చదవండి. ‘బాగా వేడెక్కుతోంది’, ‘ఉబ్బింది’, ‘పొగ వచ్చింది’ అన్నవి కనిపిస్తే తేదీలతో సహా దాచండి. మీ ప్రమాదానికి ముందు తేదీతో అలాంటి రివ్యూలు రెండు దొరికినా కథ మారిపోతుంది. చాలా దేశాల చట్టాలు మధ్యవర్తికి రక్షణ ఇచ్చేది ‘అతనికి తెలియనంతవరకే’. సొంత పేజీ మీద కొనుగోలుదారులు మొత్తుకుంటుంటే ‘మాకు తెలియదు’ అనడం కష్టం.

మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో అంతకన్నా గట్టిది ఒకటుంది. అందులో 30,000 ఎంఏహెచ్ అని ఉంది, బరువు 260 గ్రాములని ఉంది, విమాన ప్రయాణానికి అనుకూలమనీ ఉంది. ఈ మూడూ కలిసి నిజం కాలేవు. లెక్క చూడండి. పవర్ బ్యాంకుల మీద ఎంఏహెచ్‌ను సెల్ సగటు వోల్టేజీ 3.7 దగ్గర చెబుతారు. 30,000 ఎంఏహెచ్ అంటే 30 ఆంపియర్-అవర్లు. దాన్ని 3.7తో గుణిస్తే 111 వాట్-అవర్లు, అంటే బ్యాటరీలో నిల్వ ఉండే మొత్తం శక్తి. విమానంలో ముందస్తు అనుమతి లేకుండా వెంట తీసుకెళ్లగలిగే హద్దు 100 వాట్-అవర్లు. అంటే మొదటి మాట నిజమైతే మూడోది అబద్ధం. ఇక బరువు. మార్కెట్లో దొరికే మంచి లిథియం-అయాన్ సెల్ కిలోకు సుమారు 250 వాట్-అవర్లు నిల్వ చేస్తుంది, మేలిరకాలు 300కు దగ్గరగా వస్తాయి. 111 వాట్-అవర్లకు సెల్స్ బరువే 370 నుంచి 440 గ్రాములు ఉండాలి. ప్లాస్టిక్ డొక్కు, సర్క్యూట్ దీనికి అదనం. 260 గ్రాముల వస్తువులో సెల్స్ 200 గ్రాములనుకున్నా దొరికేది 50 వాట్-అవర్లు, అంటే 13,500 ఎంఏహెచ్ చుట్టుపక్కల. పేజీలో ఉన్న రెండు అంకెలను గుణించి భాగిస్తే బయటపడే అబద్ధమిది. మీరు రేపేం కొంటారో ఇవాళే పసిగట్టే కంప్యూటర్లున్న సంస్థకు ఈ లెక్క చేతకాదంటే నమ్మలేం.

ఒక జాగ్రత్త. సామర్థ్యం గురించి అబద్ధమాడటమే మంటకు కారణమని రాయకండి. అది వేరు, ఇది వేరు. అబద్ధపు అంకె చెప్పేది రెండు సంగతులు: లిస్టింగ్‌ను ఎవరూ తనిఖీ చేయలేదు, లోపలున్నవి నాసిరకం సెల్సో పాత బ్యాటరీల్లోంచి తీసినవో కావచ్చు. మంటకు అసలు కారణాలు మామూలుగా ఇలా ఉంటాయి. సెల్ లోపల ప్లస్, మైనస్ పొరల మధ్య జుట్టు కన్నా సన్నని ప్లాస్టిక్ తెర ఉంటుంది. తయారీలో లోహపు నలుసు పడినా, పొరలు పక్కకు జరిగినా ఆ తెర చిల్లు పడి లోపలే షార్టవుతుంది. ఇది నెలల తరబడి బాగా పనిచేసిన తర్వాత కూడా జరగొచ్చు, కాబట్టి ‘ఐదు నెలలు వాడారు కదా’ అన్న వాదనకు బలం లేదు. రెండోది, రక్షణ సర్క్యూట్ లేకపోవడమో పనిచేయకపోవడమో. సెల్ 4.2 వోల్టుల దగ్గర ఛార్జింగ్ ఆగిపోవాలి. ఆగకపోతే లోపల లిథియం లోహంగా పేరుకుంటుంది, వాయువులు పుట్టి సెల్ ఉబ్బుతుంది. లోపలి వేడి దాదాపు 130 డిగ్రీలకు చేరితే ఆ తెర కరిగిపోతుంది, అక్కడి నుంచి వేడే వేడిని పుట్టిస్తుంది. మీరు విన్న బుస్సు సెల్‌లోంచి వాయువు తన్నుకొచ్చిన చప్పుడు.

పేరున్న సంస్థలకూ ఇది జరుగుతుంది. 2025 జూన్‌లో యాంకర్ అనే సంస్థ అమెరికాలో తన పవర్ బ్యాంకుల్లో ఒక మోడల్‌ను, దాదాపు 11.6 లక్షల వాటిని, మంటల ప్రమాదం ఉందని వెనక్కి పిలిచింది. తేడా అల్లా తర్వాత ఏం జరుగుతుందన్నదే. అక్కడ మోడల్ నంబరు ఉంది, సీరియల్ నంబరు ఉంది, పిలిస్తే పలికే సంస్థ ఉంది. మీకు మిగిలింది చల్లిన అక్షరాలు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, బాధ్యత ఎవరిది? మొదటి బాధ్యత తయారీదారుది, అందులో ఎక్కడా రెండో మాట లేదు. తర్వాత దిగుమతిదారు, అమ్మకందారు. వీళ్లలో ఎవరూ దొరకనప్పుడు, లేదా దొరికినా సరిహద్దు అవతల ఉన్నప్పుడు, గోదాములో పెట్టి పెట్టెలో సర్ది పంపిన ప్లాట్‌ఫామ్ సంగతేమిటన్నదే పదేళ్లుగా కోర్టుల్లో నలుగుతోంది. ‘మేం వేదిక మాత్రమే’ అన్న ఒక్క వాక్యంతో తేలే విషయం కాదిది. ఏ దేశం, ఏ చట్టం, ఆ లావాదేవీలో వాళ్లు ఎంతవరకు చేయి పెట్టారు అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

మీ కేసుకు అచ్చం కవల లాంటిది ఒకటుంది. అమెజాన్‌లో కొన్న ల్యాప్‌టాప్ బ్యాటరీ కొన్ని నెలలకు పేలి ఒకామె తీవ్రంగా కాలింది. అమ్మకందారు మారుపేరుతో ఉన్న విదేశీ సంస్థ, కోర్టుకు రానేలేదు. 2020 ఆగస్టులో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు అమెజాన్ మీద ఉత్పత్తి బాధ్యత, అంటే వస్తువు లోపం వల్ల జరిగిన నష్టానికి జవాబుదారీ, మోపవచ్చని చెప్పింది. ఆ సంస్థ వస్తువును తన గోదాములో ఉంచింది, డబ్బు తాను తీసుకుంది, తన పేరున్న పెట్టెలో పంపింది, కొన్నవారికీ అమ్మినవారికీ మధ్య మాటలన్నీ తన ద్వారానే నడిపించింది. వస్తువు కొనుగోలుదారు చేతికి చేరే గొలుసులో అది ఒక లింకు అన్నది కోర్టు చూసిన చూపు. పది నెలలకే, 2021 జూన్‌లో, టెక్సస్ సుప్రీంకోర్టు దీనికి ఎదురు చెప్పింది. ఒక పసిబిడ్డ రిమోట్‌లోని బటన్ బ్యాటరీ మింగిన కేసది. అక్కడా వస్తువు అమెజాన్ గోదాము నుంచే వెళ్లింది. కానీ వస్తువు యాజమాన్య హక్కు ఏ దశలోనూ అమెజాన్‌ది కాదు కాబట్టి టెక్సస్ చట్టం ప్రకారం అది అమ్మకందారు కాదని తేల్చారు. ఒకే సంస్థ, ఒకే రకం గోదాము, రెండు రాష్ట్రాలు, రెండు జవాబులు. కాబట్టి ‘తప్పకుండా గెలుస్తారు’ అని ఎవరైనా ఫోన్‌లో హామీ ఇస్తే నమ్మకండి. ‘మీకు ఏ దారీ లేదు’ అన్నవాళ్లను అంతకన్నా నమ్మకండి.

కోర్టుల కన్నా నియంత్రణ సంస్థలు కాస్త వేగంగా నడుస్తున్నాయి. అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ 2024 జూలైలో, తన గోదాముల నుంచి పంపే ఇతరుల వస్తువుల విషయంలో అమెజాన్ చట్టప్రకారం ‘పంపిణీదారు’ అని తీర్మానించింది. అక్కడ ప్రశ్నలో ఉన్నవి 4 లక్షలకు పైగా వస్తువులు: కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టని అలారాలు, నీళ్లలో పడితే షాక్ కొట్టే హెయిర్ డ్రయర్లు, తొందరగా అంటుకునే పిల్లల రాత్రి దుస్తులు. కొన్నవాళ్లకు అమెజాన్ ముందే ఒక మెయిల్ పంపి, గిఫ్ట్ కార్డు రూపంలో సొమ్ము వాళ్ల అమెజాన్ ఖాతాలో వేసింది. అది చాలదని కమిషన్ అంది. మీకిప్పుడు వస్తున్న ‘మంచితనపు రీఫండు’ ఆ బాపతే. ఆ ఆదేశాన్ని అమెజాన్ 2025లో కోర్టులో సవాలు చేసింది.

యూరోపియన్ యూనియన్‌లో 2024 డిసెంబరు 13 నుంచి కొత్త ఉత్పత్తి భద్రతా నిబంధన అమల్లో ఉంది. లిస్టింగ్‌లో తయారీదారు పేరు, చిరునామా ఉండాలి. అతను యూనియన్ బయట ఉంటే లోపల ఒక బాధ్యుడి పేరు ఉండాలి. ప్రమాదకర వస్తువు గురించి ఎవరైనా చెబితే ప్లాట్‌ఫామ్ మూడు పనిదినాల్లో దాని సంగతి చూడాలి, అధికారులు తీసేయమంటే రెండు పనిదినాల్లో తీసేయాలి. 2026 డిసెంబరు 9 తర్వాత మార్కెట్లోకి వచ్చే వస్తువులకు ఇంకో ఆదేశం వర్తిస్తుంది. యూనియన్‌లో తయారీదారు తరఫున జవాబు చెప్పేవారు ఎవరూ లేకపోతే, గోదాములో ఉంచి ప్యాక్ చేసి పంపిన సంస్థే నష్టపరిహారానికి జవాబుదారీ అవుతుంది.

భారతదేశంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉత్పత్తి బాధ్యతకు ఒక అధ్యాయమే కేటాయించింది. అందులో ‘అమ్మకందారు’ నిర్వచనం వెడల్పైనది, ప్యాక్ చేసేవారూ లేబుల్ వేసేవారూ మార్కెట్ చేసేవారూ అందులోకి వస్తారు. తయారీదారు ఎవరో తెలియకపోతే, తెలిసినా నోటీసు అందించలేకపోతే, అమ్మకందారే బాధ్యుడవుతాడు. మీ లాంటివాళ్లకు అసలు తాళంచెవి ఇదే. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. కొన్నాక మీరు రాతపూర్వకంగా అడిగితే అమ్మకందారు చిరునామా, మెయిల్ ఇవ్వాలి. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, తప్పనిసరి ప్రమాణాలు పాటించని ప్రెషర్ కుక్కర్లు అమ్మనిచ్చినందుకు అమెజాన్‌కు లక్ష రూపాయల జరిమానా వేసింది. అలా అమ్ముడైన 2,265 కుక్కర్లను వెనక్కి పిలిచి డబ్బు తిరిగివ్వమని ఆదేశించింది. ప్రతి అమ్మకం మీదా కమీషన్ తీసుకున్న సంస్థ, సమస్య వచ్చాక చేతులు దులుపుకోకూడదన్నది ఆ ఆదేశంలోని సారం. ఆ చట్టం కింద ఫిర్యాదుకు గడువు రెండేళ్లు, మీరు నివసించేచోటే వేసుకోవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఎక్కడ ఉన్నవారికైనా గడువు రెండు, మూడేళ్లకు మించి ఉండకపోవచ్చు. అది దాటితే ఎంత గట్టి సాక్ష్యమైనా కాగితమే.

మీ వైపు ఏముందో చూస్తే, గోదాము వాళ్లది, పెట్టె వాళ్లది, బహుశా డబ్బు తీసుకున్నదీ వాళ్లే, అసలు అమ్మకందారు దొరకడు, లిస్టింగ్ తన అబద్ధాన్ని తానే బయటపెడుతోంది. మీకు వ్యతిరేకంగా ఒకటే ఉంది, దిండు. దాన్ని దాచకండి. నిజమే రాయండి. వస్తువుతో వచ్చిన కాగితం మీద ‘పరుపు మీద, దిండు దగ్గర ఛార్జ్ చేయవద్దు’ అని మీకు అర్థమయ్యే భాషలో ఉందా? లేకపోతే ఆ హెచ్చరిక లేకపోవడమే ఒక లోపం, అది చట్టంలో విడిగా లెక్కకొస్తుంది. ఉంటే మీ పరిహారం కొంత తగ్గొచ్చు. అంతేగాని కేసు కూలిపోదు. జనం పవర్ బ్యాంకులను మంచం మీద ఛార్జ్ చేస్తారని తయారుచేసినవాడికి తెలుసు. ముందే ఊహించదగిన వాడకాన్ని తట్టుకోవడం వస్తువు పని. వేడెక్కితే ఛార్జింగ్ ఆపేసే చిన్న సెన్సరు మంచి పవర్ బ్యాంకుల్లో ఉండేది అందుకే.

ఇక ఫిర్యాదు. చాట్‌లో కాదు, యాప్‌లో ‘గ్రీవెన్స్ ఆఫీసర్’ పేరుతో ఇచ్చిన మెయిల్‌కూ, సంస్థ రిజిస్టర్డ్ చిరునామాకు అందినట్టు రశీదు వచ్చే పోస్టులోనూ పంపండి. కోపం తగ్గాక రాయండి, ఒక పేజీ దాటకుండా రాయండి. ఇలా:

‘ఫలానా తేదీన ఫలానా ఆర్డర్ నంబరుతో మీ యాప్‌లో కొన్న పవర్ బ్యాంకు ఫలానా తేదీ తెల్లవారుజామున ఛార్జింగ్‌లో ఉండగా మంటలంటుకుంది. నా కుడి చేయి కాలింది, ఆస్తినష్టం జరిగింది. వస్తువు మీ గోదాము నుంచి మీ పేరున్న పెట్టెలో వచ్చింది. కాలిన వస్తువు, కేబుల్, అడాప్టర్ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. రాతపూర్వక ఒప్పందం లేకుండా వాటిని అప్పగించను. మీరు తనిఖీ చేయదలిస్తే నా సమక్షంలో చేయవచ్చు. తయారీదారు, దిగుమతిదారు, అమ్మకందారుల పూర్తి పేర్లు, చిరునామాలు, ఈ మోడల్ భద్రతా పరీక్ష నివేదికలు, దీనిపై మీకు ఇంతకుముందు వచ్చిన వేడి, పొగ, మంట ఫిర్యాదుల వివరాలు ఇవ్వండి. ఈ వస్తువు అమ్మకం వెంటనే ఆపి, కొన్న అందరికీ తెలియజేయండి. ఈ ఆర్డరుకు సంబంధించిన రికార్డులేవీ చెరిపేయవద్దు. వస్తువు ధర వాపసు తీసుకున్నా, గాయానికీ ఆస్తినష్టానికీ పరిహారం కోరే నా హక్కును వదులుకోవడం లేదు.’

ఈ చివరి వాక్యం లేకుండా రీఫండు బటన్ నొక్కకండి. వస్తువు ధర వేరు, నష్టపరిహారం వేరు. రీఫండుతోపాటు ‘ఇంతటితో వివాదం ముగిసింది’ అన్న షరతు ఎక్కడైనా ఉంటే, లేదా ఏదైనా టిక్ పెట్టమంటే, ఆ సొమ్ము వదిలేయండి. పోయేది పవర్ బ్యాంకు ఖరీదే.

పరీక్ష నివేదికలు ఎందుకు అడగమన్నామంటే, ప్రతి లిథియం బ్యాటరీ రవాణాకు ముందు యూఎన్ 38.3 అనే పరీక్షల వరుస దాటాలి: కుదుపు, దెబ్బ, వేడిచల్లదనాల మార్పు, షార్ట్ సర్క్యూట్, మితిమీరిన ఛార్జింగ్ లాంటివి. గోదాములో పెట్టుకునే సంస్థ దగ్గర దాని సారాంశ పత్రం ఉండాలి. ‘లేదు’ అని జవాబొచ్చినా, జవాబే రాకపోయినా మీకు లాభమే.

ల్యాబు పరీక్ష కావాలా అన్నది నష్టం పరిమాణాన్ని బట్టి. మీరు రాసినంతవరకే అయితే, అంటే చేయి మానిపోయి పరుపు, తెర మాత్రమే పోతే, ఫొటోలు, డాక్టరు చీటీ, లిస్టింగ్ లెక్క చాలు. గాయం పెద్దదై శస్త్రచికిత్స దాకా వెళ్తే అప్పుడు నిపుణుడి దగ్గరకు వెళ్లండి. అతను మొదట చేయాల్సింది ఎక్స్-రే లేదా సీటీ స్కాన్, కోయడం కాదు. కోసే పరీక్ష చేయాలంటే అవతలి పక్షానికి ముందుగా నోటీసు ఇచ్చి, వాళ్ల ఎదుటే చేయించాలి. లేకపోతే ఆ నివేదికను పక్కన పడేయమని అడిగే అవకాశం వాళ్లకు దొరుకుతుంది.

మీ దేశపు ఉత్పత్తి భద్రతా సంస్థకు కూడా విడిగా రాయండి. అక్కడి నుంచి మీకు డబ్బు రాదు. వాళ్లు అడిగే లేఖకు మాత్రం ప్లాట్‌ఫామ్ చాట్ బాట్‌తో జవాబివ్వదు.

మళ్లీ కొనేటప్పటి సంగతి క్లుప్తంగా. బరువు, వాట్-అవర్ల లెక్క మీకిప్పుడు తెలుసు. కొనేముందు పది సెకన్లు అది చేయండి. లేబుల్ మీద వాట్-అవర్లు, మోడల్ నంబరు, తయారీదారు చిరునామా మూడూ లేకపోతే వద్దు. యూరప్ ప్రమాణాలకు తగినదని చెప్పే సీఈ గుర్తును చూసి నిశ్చింతగా ఉండకండి. చాలా వస్తువులకు అది తయారీదారు తనకు తాను ఇచ్చుకునే ప్రకటనే. అక్షరాల మధ్య ఖాళీని బట్టి ‘ఇది యూరప్‌ది, అది చైనా ఎక్స్‌పోర్ట్’ అని పోల్చుకోవచ్చన్నది వట్టి వాట్సాప్ కథ. వెతికి సరిచూసుకోగల నంబరున్న గుర్తులే నమ్మదగినవి. భారత్‌లో పవర్ బ్యాంకు మీద భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) రిజిస్ట్రేషన్ నంబరు ఆర్ అక్షరంతో మొదలై ఎనిమిది అంకెలతో ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే సంస్థ పేరు వస్తుంది. వేరే సంస్థ పేరొస్తే ఆ నంబరు ఎక్కడో ఎత్తుకొచ్చినదే.

చివరిగా మీ చెల్లెలి దగ్గరున్నది. దాన్ని ఇక ఛార్జ్ చేయొద్దు, ఫోన్‌కు తగిలించొద్దు, ‘ఖాళీ చేసేద్దాం’ అని కూడా చూడొద్దు. ఇతరులకు ఇవ్వొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. చెత్త బండిలో నలిగితే అక్కడ అంటుకుంటుంది. పక్కలు ఉబ్బి ఉన్నా, అతుకు విచ్చుకున్నా, తియ్యటి ఘాటైన వాసన వస్తున్నా చేత్తో నొక్కకుండా మీ డబ్బా లాంటిదే మరో ఇసుక డబ్బాలోకి, ఇంటి బయటికి మార్చండి. బాగానే కనిపిస్తున్నా అదే చేయండి. పారేయడానికి మాత్రం తొందరపడకండి. ఆమె ఆర్డరూ మీ ఆర్డరూ ఒకే లిస్టింగ్‌వి, కాబట్టి మీ కేసులో కాలకుండా మిగిలిన జంట అదే. ల్యాబు అవసరమైతే లోపల రక్షణ సర్క్యూట్ ఉందో లేదో, సెల్స్ ఎవరివో దాన్ని చూసే చెప్పగలరు. ఉబ్బి లేకపోతే డబ్బాలో పెట్టేముందు వంటింటి త్రాసు మీద తూచి, అంకె కనిపించేలా ఫొటో తీయండి. లేబుల్ మీది 30,000 కూడా అదే ఫొటోలో పడాలి. ఆమె బిల్లు కాపీతో కలిపి దాన్ని మీ ఫిర్యాదుకు జత చేయండి. వివాదం ముగిశాక బ్యాటరీలు సేకరించే కేంద్రానికి, పోర్టుల మీద టేపు అంటించి, ఇద్దరూ స్వయంగా వెళ్లి అప్పగించి రండి.